కిటికీ పక్క బల్ల

డిసెంబరు 20, శనివారం

చేరాం. మా ఊరు షాంటిలీ దాటిన దగ్గర్నుంచి దారంతా మంచు. మా అమ్మాయి నమ్రత కారు నడిపింది, నేను పక్కన కూర్చుని కాలితో బ్రేకులు వేస్తూ వచ్చాను. అల్లుడు ఆఫీసు పని మీద వాళ్ళ ఊరు షామ్‌బర్గ్‌లోనే ఉండిపోయాడు. వెనక సీట్లో మా ఆవిడ లీల, భవిత దారి పొడుగునా పాటలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఏడేళ్ళ మనవరాలితో సమానంగా గోల.

ఈ ఊరు, ఈ కొండ, ఈ అద్దె ఇల్లు, అన్నీ పద్మనాభం సలహాలే. చిన్న కొండ, రద్దీ ఉండదు, పిల్లలకి బాగుంటుంది అని నవంబరు నుంచి లీల చెవిలో ఊదుతున్నాడు. ఎదురిల్లే ఆయనది. మేం దిగేసరికి ఎర్ర టోపీ పెట్టుకుని, హాట్‌ప్యాక్ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఉప్మా. జీడిపప్పు తప్ప రవ్వ కనబడలేదు. లీల రెండోసారి కూడా పెట్టించుకుంది. “నువ్వు ఇంత బాగా వండుతావని ఎప్పుడూ చెప్పలేదే పద్మనాభం” అంది.

వాళ్ళిద్దరూ గుంటూరు మెడికల్ కాలేజీలో ఒకే బ్యాచ్. ఒకళ్ళనొకళ్ళు నువ్వు అనుకుంటారు. నేను కర్నూలు, పైగా ఐదేళ్ళు సీనియర్ని, అందుకని నన్ను సార్ అంటాడు. లీల నన్ను ఏమండీ అంటుంది, మీరు అంటుంది. ఇందులో బాధపడాల్సిందేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

పాపం, ఆయన భార్య సుబ్బులు పోయి నాలుగేళ్ళయింది. ఒంటరివాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డిసెంబరు 21, ఆదివారం

భవితకి ఇవాళ్టి నుంచి స్కీయింగ్ క్లాసు. దాన్ని క్లాసులో దింపి కాఫీ తాగుదామనుకున్నాను. తీరా చూస్తే లీల కౌంటర్ దగ్గర తన బూట్ల సైజు చెబుతోంది. తనకీ క్లాసట. ఇంటి దగ్గర ఉండగానే బుక్ చేసుకుందట. మీకు చెప్తే వద్దంటారని చెప్పలేదు అంది.

వద్దనే అనేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళు ఎముకలు అతికినవాణ్ణి. జనవరి వచ్చిందంటే మా వార్డు నిండా ఇలాంటి కొండల మీంచి జారిపడ్డవాళ్ళే ఉండేవారు.

నన్ను కొండ కింది లాడ్జి పై హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇక్కడ ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోవచ్చు. ఒక్కో కుటుంబం ఒక్కో బల్ల పట్టుకుని, స్కీయింగ్ చెయ్యని పెద్దవాళ్ళని సంచులకి కాపలా పెట్టి పోతుంది. ఆష్‌బర్న్ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు నా మొహం చూడగానే గుర్తుపట్టేశారు. అంకుల్, కొంచెం చూస్తూ ఉంటారా అని ఒకళ్ళు, చెప్పులు ఇక్కడ పెట్టొచ్చా అంకుల్ అని ఇంకొకళ్ళు. మధ్యాహ్నానికి నా చుట్టూ సంచుల గుట్ట, గోడ ప్లగ్గులో ఎవరిదో రైస్‌కుక్కరు. ఎంత పెద్ద సర్జన్‌ని, పులిహోర డబ్బాలకి కాపలాదారుణ్ణి అయ్యాను.

డిసెంబరు 22, సోమవారం

మార్పించుకున్న మోకాలు బాగానే పనిచేస్తోంది, చేతికర్ర ఊరికే ధైర్యానికి. కావాలంటే నేనూ స్కీయింగ్ చెయ్యగలను. అక్కర్లేదు.

డిసెంబరు 23, మంగళవారం

కిటికీలోంచి చిన్న వాలు మొత్తం కనిపిస్తుంది. చంటిపిల్లల్ని పైకి లాక్కెళ్ళే రబ్బరు చాప, దాని పక్కన తాడు కంచె, కింద లిఫ్ట్ క్యూ. పద్మనాభం ఈ కొండకి వాలంటీరు. మౌంటెన్ హోస్ట్ అంటారట. నీలం కోటు వేసుకుని, వచ్చినవాళ్ళకి దారి చెప్పి, పడిపోయిన పిల్లల్ని లేపడం పని. అందుకు జీతం ఉండదు, సీజన్ పాస్ ఇస్తారు. ఆయన నిలబడే చోటు సరిగ్గా నా కిటికీ కింద. పైనుంచి చూస్తే ఎర్ర టోపీ ఒక్కటే కనిపిస్తుంది. రోజంతా ఆ టోపీని చూస్తూ కూర్చున్నాను.

ఖాళీ దొరికినప్పుడల్లా లీలని తీసుకుని పైకి వెళ్తాడు. ముందు తను దిగిపోయి కింద తన చోట నిలబడతాడు. తర్వాత ఆవిడ దిగుతుంది, మోకాళ్ళు వంచి, పెదవి కొరుక్కుంటూ. ఇవాళ పొద్దున్న ఒకసారి కూలబడింది. నేను లేచి నిలబడ్డాను. కానీ ఆవిడ మంచులో కూర్చుని నవ్వుతోంది, పద్మనాభం కూడా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అద్దం ఇవతల నాకేమీ వినబడదు. గుంటూరు సంగతులే అయ్యుంటాయి. అనాటమీ హాలు, హాస్టల్ సాంబారు, నాకు తెలియని మనుషులు. ఇద్దరూ కలిస్తే ఒకళ్ళు మొదలుపెట్టిన మాట రెండోవాళ్ళు పూర్తిచేస్తారు.

కిందికి క్షేమంగా చేరిన ప్రతిసారీ లీల స్కీ కర్ర పైకెత్తి ఊపుతుంది. పద్మనాభానికి. చూడు, పడకుండా వచ్చాను అన్నట్టు. మొహం వెలిగిపోతుంటుంది. ఆ మొహం నేను చూసి ఎంతకాలమైందో నాకే తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

భోజనాలప్పుడు భవిత వచ్చి, “తాతా, యూ నెవర్ వేవ్ బ్యాక్” అంది. ఎవరికే అంటే అది అప్పటికే చిప్స్ ప్యాకెట్ మీద పడింది. పద్మనాభాన్ని పద్దు తాత అంటోంది. ఎవరు నేర్పారో. పద్దు తాత వెనక్కి కూడా స్కీయింగ్ చేస్తాడట. చెయ్యనీ. నాకేం అసూయ లేదు.

డిసెంబరు 24, బుధవారం

రాత్రి భోజనానికి లీల ఆయన్ని పిలిచింది. గుత్తివంకాయ చేసింది. నా కోసం చెయ్యమంటే నూనె ఎక్కువ, మీకు మంచిది కాదు అంటుంది. ఆయన కొలెస్ట్రాల్ సంగతి ఎవరూ అడగలేదు.

మజ్జిగలోకి వచ్చాక ఆయన మొదలుపెట్టాడు. “లీలా, ఇక్కడ హోస్టులు సరిపోవట్లేదు. నీలాంటివాళ్ళు కావాలి, పిల్లల డాక్టరువి కదా. జనవరి నుంచి వీకెండ్స్ నువ్వూ వచ్చెయ్. మార్చి దాకా. మా మేనేజర్‌కి నీ సంగతి ఆల్‌రెడీ చెప్పాను.”

లీల చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. సంతోషం దాచుకోవడం ఆవిడకి చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. ఆలోచించి చెప్తాను అంది. నా వైపు చూసింది. నమ్రత కూడా చూసింది. నేను పెరుగు ఇటు పెట్టమన్నాను.

అంటే ప్రతి శుక్రవారం సాయంత్రం షాంటిలీలో నేనొక్కణ్ణీ తలుపు వేసుకోవాలి. ఆదివారం రాత్రి ఈవిడ వస్తుంది, రెండు రోజుల కబుర్లు ఆయనతో చెప్పేసి, అలిసిపోయి. నాకు మిగిలేది నిద్ర మొహం. మార్చి దాకా అంటాడు. వచ్చే ఏడాది మళ్ళీ డిసెంబరు రాదా.

డిసెంబరు 25, గురువారం

కొండకి పోలేదు, తలనొప్పి అన్నాను. లీల ఉండిపోతానంది. వెళ్ళు వెళ్ళు అన్నాను. వెళ్ళింది. అంత తొందరగా వెళ్తుందనుకోలేదు.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు కుళ్ళు. ఆ టోపీ మీద కుళ్ళు, ఆ నువ్వు మీద కుళ్ళు. ఆయన మోకాళ్ళు రెండూ ఆయనవే, దానిమీద మరీ కుళ్ళు.

డిసెంబరు 26, శుక్రవారం

పొద్దున్నే నా పాత కొలీగ్ ఫోన్ చేశాడు. బయల్దేరే ముందు లీలకి ఎముకల స్కాన్ చేయించాం, దాని రిజల్ట్ మర్యాదకి నాకే చెప్పాలనుకున్నాడట. వయసుకి చాలా బాగున్నాయి, కొద్దిగా పల్చబడ్డం మామూలే అన్నాడు. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

టిఫిన్ దగ్గర లీల బూట్ల సాక్సులు వేసుకుంటోంది. ఫోనెవరు అంది. స్కాన్ రిజల్ట్ అన్నాను. ఎముకలు పల్చబడ్డాయట అన్నాను. ఎంత అంది. తుంటి దగ్గర బాగా, అన్నాను. ఒక్కసారి పడితే చాలు, మంచాన పడతావు, నేనెంతమందిని చూశాను అన్నాను.

నమ్రత కంగారుపడిపోయింది. అమ్మా, ఇంక స్కీయింగ్ వద్దు, నథింగ్ డూయింగ్ అంది. లీల నన్నే చూసింది, చాలాసేపు. తర్వాత సాక్సులు విప్పి, ఒకదాన్లోకి ఒకటి దోపి, సంచిలో పెట్టేసింది.

అబద్ధం చెప్పలేదు. పల్చబడ్డాయి అన్నమాట నిజమే. ఆయన కొద్దిగా అన్నాడు, నేను బాగా అన్నాను. ఎముకల విషయంలో జాగ్రత్త ఎక్కువైనా నష్టం లేదు.

డిసెంబరు 27, శనివారం

లీల రోజంతా నా పక్కన, బల్ల దగ్గర. చాలా బాగుంది. కిటికీలోంచి ఎండ వచ్చింది. కింద ఎర్ర టోపీ ఒంటరిగా నిలబడి ఉంది.

డిసెంబరు 28, ఆదివారం

బాగానే ఉంది.

డిసెంబరు 29, సోమవారం

ఈవిడ పోట్లాడితే బాగుండును. పోట్లాడదు. కమలాపండు వలుస్తుంది, తొనల మీద నారంతా తీసి నా ముందు పెడుతుంది. కిటికీ వైపు మాత్రం వీపు పెట్టి కూర్చుంటుంది. కుర్చీ ఇటు తిప్పుకో, భవిత కనిపిస్తుంది అన్నాను. ఇలా బాగుందండీ అంది.

సంచుల కాపలా నాకంటే బాగా చేస్తోంది. ఎవరి చెప్పులు ఎవరివో గుర్తుపెట్టుకుంటుంది. ఆష్‌బర్న్ వాళ్ళ పాపకి జలుబు చేస్తే ఛాతీ మీద చెవి పెట్టి విని, ఏం ఫర్లేదమ్మా అని పంపింది. పాప వెళ్ళాక మళ్ళీ కమలాపండు. నేను కావాలనుకున్నది ఇదే కదా, నా పక్కన కూర్చోవడం. కూర్చుంది. మనిషి మాత్రం ఇక్కడ లేదు.

పద్మనాభం పైకి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “సార్, స్కాన్‌లో స్కోర్ ఎంత వచ్చింది? మత్తు డాక్టర్ని, నాకు తెలియదనుకోండి, కానీ లీల బ్యాలెన్స్ చూస్తే అలా అనిపించలేదు.”

సరిగ్గా గుర్తులేదన్నాను. నలభై ఏళ్ళ కిందటి పేషెంట్ల ఎక్స్‌రేలు గుర్తుంటాయి నాకు. లీల పండు వలుస్తూనే ఉంది, తల ఎత్తలేదు. ఆయన టోపీ మళ్ళీ పెట్టుకుని, సరే సార్ అని దిగిపోయాడు.

డిసెంబరు 30, మంగళవారం

రేపు సాయంత్రం పిల్లల పరేడ్. చీకటి పడుతుండగా పిల్లలందరూ వెలిగే కడ్డీలు పట్టుకుని చిన్న వాలు మీంచి వరసగా దిగుతారు. ఒక్కో పిల్లకి తోడు పెద్దవాళ్ళెవరో ఒకరు స్కీల మీద రావాలి. భవిత మొదటి రోజు నుంచీ దీని గురించే పలవరిస్తోంది, అమ్మమ్మతో దిగుతానని. నమ్రతకి స్కీయింగ్ రాదు.

ఇవాళ అన్నం తింటూ చల్లగా చెప్పింది. “ఇట్స్ ఓకే. అమ్మమ్మకి బోన్స్ బ్రేక్ అవుతాయి కదా. పద్దు తాత వస్తాను అన్నాడు.”

నమ్రత థ్యాంక్ గాడ్ అంది. లీల మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళింది.

రేపు నా మనవరాలు ఆయన చెయ్యి పట్టుకుని దిగుతుంది. అందరూ ఫొటోలు తీస్తారు. ఎర్ర టోపీ, పక్కన భవిత. ఆ ఫొటో నమ్రత ఫ్రిజ్ మీద అంటిస్తుంది, వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేను చూడాలి. ఇదంతా ఎవరి వల్ల. ఎవరి వల్లో నాకు తెలుసు, రాయను.

డిసెంబరు 31, బుధవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్న నమ్రత భవితని క్లాసుకి తీసుకెళ్ళింది. లీల వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఎదురుగా కూర్చున్నాను. నీ రిజల్ట్ గురించి మళ్ళీ ఆలోచించాను అన్నాను. అంత కంగారు పడక్కర్లేదు, చిన్న వాలే కదా, సాయంత్రం పరేడ్‌కి నువ్వే వెళ్ళొచ్చు అన్నాను.

లీల తుంచడం ఆపలేదు. “ఆ రిపోర్టు నా ఫోన్‌కే ముందొచ్చిందండీ. ఆయన మీకు చెయ్యకముందే చదివాను. నావి మీ ఎముకల కంటే గట్టిగా ఉన్నాయి.”

ఆవిడా డాక్టరే. రిపోర్టు ఆవిడదే. ఇంట్లో ఎముకల మాట నేనే చెప్పాలి, నేను చెప్పిందే జరగాలి అన్న అలవాటులో ఆ సంగతే తోచలేదు.

మరెందుకు మానేశావు అన్నాను చివరికి.

“మొదట చాలా కోపమొచ్చింది. ఎన్నాళ్ళు కూర్చోబెడతారో చూద్దామనుకున్నాను. తర్వాత మీ పక్కన కూర్చుని మీ మొహం చూశాను. పక్కన కూర్చోమని అడగడం చేతకాక వంక ఎముకల మీద పెట్టారు. అడిగితే కూర్చునేదాన్ని కదా.”

నేను పద్మనాభం పేరు ఎత్తాను. పేరు ఒక్కటే, ఇంక ముందుకి పోలేకపోయాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పళ్ళెం పక్కకి జరిపింది. “అతని మీదా?” అంది. “ఇంట్లో పలకరించేవాళ్ళు లేక ఉప్మా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మీ మనసులో ఇది ఉందని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడు. ఈ మాట నేను అతనికి చెప్పను, మీరూ చెప్పకండి.”

పళ్ళెం మళ్ళీ ముందుకి లాక్కుని అంది. “జనవరి నుంచి హోస్టుగా వస్తున్నాను. మీరు వస్తే బాగుంటుంది. రాకపోయినా వస్తాను. ఇది మిమ్మల్ని అడగడం లేదండీ, చెప్తున్నాను.”

సరే అన్నాను. ఇంకేమనాలి.

సాయంత్రం లాడ్జిలో లీల బూట్లు తీసుకుని బెంచీ మీద కూర్చుంది. ఆ బూట్ల క్లిప్పులు పెట్టాలంటే వేళ్ళు విరిగిపోతాయి. నేను కింద కూర్చున్నాను. కొత్త మోకాలు ఒప్పుకోలేదు, అయినా కూర్చున్నాను. ఒక్కో క్లిప్పూ పెట్టాను. బిగుతుగా ఉందా అంటే ఉంది అంది. వదులు చెయ్యనా అంటే వద్దంది. లేవడానికి ఆవిడే చెయ్యిచ్చింది. నమ్రతకి ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను గానీ, లీలే, “మీ నాన్న మళ్ళీ చూసి ఓకే అన్నారు” అనేసింది. నన్ను కాపాడింది. అది నాకు ఇంకా బరువుగా ఉంది.

భవిత ఎగిరి గంతేసింది. పద్మనాభం ఏమాత్రం నొచ్చుకోలేదు. మిగతా పిల్లల్ని వరసలో పెట్టాలి, నేను పైకి పోతాను సార్ అని లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను హాల్లోకి పోలేదు. అద్దం ఇవతల కూర్చున్నది చాలు అనిపించింది. చేతికర్ర పట్టుకుని మెల్లగా మంచులోకి నడిచి, సరిగ్గా నా కిటికీ కింద, పద్మనాభం రోజూ నిలబడే చోట, తాడు కంచె పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ తల్లులు, తండ్రులు, ఫోన్లు పైకి పట్టుకుని.

కొండమీద ఒక్కొక్క కడ్డీ వెలిగింది. పచ్చవి, ఎర్రవి, నీలంవి. వంకరటింకరగా కిందికి దిగడం మొదలుపెట్టింది వరస. మధ్యలో భవిత పసుపు హెల్మెట్, దాని పక్కన లీల, మోకాళ్ళు వంచి, పెదవి కొరుక్కుంటూ. కింద మంచు చదునుగా ఉన్నచోటికి వచ్చి ఆగారు. పడలేదు. లీల స్కీ కర్ర పైకెత్తింది, రోజూ ఎత్తినట్టే.

పద్మనాభం కొండ మీద ఉన్నాడు. ఆ చోట నేనున్నాను. లీల నన్ను చూడలేదు. ఆవిడ చూపు నా తల మీదుగా పైకి పోయింది. హాలు కిటికీకి. నా కిటికీకి.

అక్కడ నా కుర్చీ ఖాళీ కదా. ఎత్తిన కర్ర సగంలో ఆగిపోయింది. ఊపలేదు. మొహంలో వెలుగు అలాగే దిగిపోయింది. కళ్ళు ఇంకా ఆ అద్దం మీదే, ఎవరైనా వస్తారేమోనని. భవిత కూడా అటే చూసి, “తాత లేడు” అంది.

ఇన్ని రోజులూ నేను టోపీని చూస్తూ కూర్చున్నాను. ఈవిడ దిగిన ప్రతిసారీ నన్ను చూసింది. ప్రతిసారీ కర్ర ఎత్తి చూపించింది, నేను ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. మనవరాలు వచ్చి చెప్పినా తలకెక్కలేదు.

లీలా అని అరిచాను. హెల్మెట్‌లో వినపడలేదు. తాడు వదిలేసి, చేతికర్ర ఎంత ఎత్తగలనో అంతా పైకెత్తి ఊపాను. కాలు జారింది, పక్కనున్న ఎవరి కోటో పట్టుకున్నాను, అయినా ఊపుతూనే ఉన్నాను. అప్పుడు చూసింది. ముందు భయంతో, ఆయన మంచులో ఏం చేస్తున్నారు అన్నట్టు. తర్వాత కర్ర ఎత్తింది.

జనవరి 1, గురువారం

మధ్యాహ్నం బయల్దేరుతున్నాం. మొదటి శనివారానికి మళ్ళీ రావాలి. లీలకి నీలం కోటు చేతులు పొడుగయ్యాయి, కుట్టించాలి. నువ్వేం చేస్తావు నాన్నా అక్కడ అని నమ్రత అడిగింది. సంచులు చూస్తాను అన్నాను. కిటికీ వైపు కుర్చీ వేసుకుని.

పద్మనాభం దారిలోకి ఉప్మా తెచ్చాడు. జీడిపప్పు మళ్ళీ ఎక్కువే. నేను రెండోసారి పెట్టించుకున్నాను. ఆయన చాలా సంతోషపడ్డాడు. లీల నా వైపు చూసి ఏమీ అనలేదు.

ఎర్ర టోపీ మాత్రం ఆయనకి నప్పదు. ఇది కుళ్ళుతో రాయడం లేదు. నిజంగానే నప్పలేదు.